విద్యార్థి నాయకత్వం: మెస్ పుస్తకం నుంచి ఓటరు జాబితా దాకా

నాయకుడు అనగానే మన కళ్ల ముందు మెదిలే బొమ్మ ఒకటే. తెల్ల చొక్కా, చేతిలో మైకు, వెనుక పదిమంది, ఉప్పల్ రింగ్ రోడ్డు మీద నిలువెత్తు ఫ్లెక్సీ. వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు ఈ బొమ్మ గురించే రాయాలనిపించింది. ఈ బొమ్మను చూసే మనలో సగం మంది "అది మన పని కాదు" అని పక్కకు తప్పుకుంటున్నాం. మిగిలిన సగం మందిలో కొందరు ఆ ఫ్లెక్సీలో ఓ మూల తమ ఫోటో ఉంటే చాలనుకుంటున్నారు.

మేము హాస్టల్లో చేరిన రోజున ఇంటి నుంచి వచ్చిన మాట ఇంకా చెవిలోనే ఉంది. "బిడ్డా, లొల్లిల పడకు. సదువుకొని రా." ఈ మాట మా ఒక్క ఇంటిది కాదని పక్క మంచాల వాళ్లను అడిగితే తెలిసింది. మాలో చాలామందిమి ఇంటికి మొదటి పట్టభద్రులం. మన వెనుక ఒక కుటుంబం మొత్తం ఎదురుచూస్తూ ఉంటుంది. ఒక్క పోలీసు కేసు మీద పడితే రేపు ఉద్యోగానికి ముందు జరిగే విచారణలో అది అడ్డం వస్తుందేమోననే భయం కన్నవాళ్లకు ఉండటం న్యాయమే. కాబట్టి "ధైర్యంగా ముందుకు రండి" అని ఊరికే రాసి ఊరుకోలేము. నాయకత్వం అంటే నిజంగా ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవరకు మనకు చట్టం అండ ఉంది అనేది వివరంగా చెప్పుకుందాం.

ముందుగా మనకు దగ్గరలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం సంగతి. ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కితే స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ దాటాక తార్నాక. నాచారం వాళ్లకు ఇంకా దగ్గర. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు నిలబడి సెల్ఫీ దిగని హాస్టల్ విద్యార్థి బహుశా ఉండడు. ఆ మెట్ల మీద ఎన్ని తరాలు కూర్చున్నాయో మాత్రం అంతగా ఆలోచించం.

1938 వందేమాతరం ఉద్యమం ఒక హాస్టల్ సంగతిగానే మొదలైంది. విద్యార్థులు తమ ప్రార్థన గదిలో వందేమాతరం పాడుకునేవారు. అధికారులు వద్దన్నారు. విద్యార్థులు ఒప్పుకోలేదు, సమ్మె చేశారు, వందలమంది బహిష్కరణకు గురయ్యారు. తర్వాత దేశానికి ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. పాఠ్యపుస్తకంలో కథ ఇక్కడితో ఆగిపోతుంది. మాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి ఘట్టం. చదువు మధ్యలో ఆగిన అంతమంది ఏమయ్యారు? నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. అంటే ఎవరో వెళ్లి మాట్లాడి ఉండాలి, ఎవరో బస చూసి ఉండాలి, ఎవరో రైలు ఖర్చులు పోగు చేసి ఉండాలి. వాళ్ల పేర్లు మనకు తెలియవు. సమ్మెకు పిలుపునిచ్చిన వాడిది ఎంత నాయకత్వమో, సమ్మె చేసిన వాడి చదువు ఆగకుండా చూసిన వాడిదీ అంతే నాయకత్వం అని మా అభిప్రాయం.

1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమం వచ్చింది. స్థానికుల ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 1969లో పాల్వంచ థర్మల్ కేంద్రం ఉద్యోగాల దగ్గర రాజుకున్న నిప్పు ఉస్మానియాకు చేరి తెలంగాణ ఉద్యమమైంది. అప్పటి విద్యార్థి నాయకుడు మల్లికార్జున్ తరువాతి కాలంలో పార్లమెంటు సభ్యుడయ్యారు. ఆ ఉద్యమంలో నేలకొరిగిన వారిలో చాలామంది పేర్లు మాత్రం వాళ్ల ఊళ్లకే మిగిలిపోయాయి. 1972 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడే, ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల హాస్టల్ దగ్గర జార్జిరెడ్డి హత్యకు గురయ్యారు. భౌతికశాస్త్రంలో బంగారు పతకం సాధించిన విద్యార్థి ఆయన. 2009 డిసెంబరు నుంచి 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడే వరకు అదే ప్రాంగణం మళ్లీ ఉద్యమ కేంద్రమైంది. మన సీనియర్ల సీనియర్లలో కొందరు ఆ రోజుల్లో పరీక్షలు వదులుకున్నారు. కొందరు కేసుల కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు.

2016 జనవరి 17ను మరవడం కూడా మన హాస్టళ్లలో సాధ్యం కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బహిష్కరించిన అయిదుగురు పరిశోధక విద్యార్థుల్లో ఒకరైన రోహిత్ వేముల ఆ రోజు చనిపోయారు. ఆయన అంబేద్కర్ విద్యార్థి సంఘంలో పనిచేశారు. ఆయన ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి అందలేదు. మనలాంటి విద్యార్థికి హాస్టల్ గది, నెలనెలా వచ్చే ఆ డబ్బు ఎంత పెద్ద ఆధారమో, అవి ఆగితే కాళ్ల కింద నేల ఎలా కదులుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తోటి విద్యార్థి ఒంటరి అవుతున్నాడని కనబడితే వెళ్లి పక్కన కూర్చోవడం, వార్డెన్ గారికి, ఇంటివాళ్లకు చెప్పడం ఏ సంఘానికైనా మొదటి పని. మీటింగు తర్వాత సంగతి.

ఇంత చరిత్ర ఉన్న చోట ఇవాళ విద్యార్థి సంఘానికి ఓటు వేసిన విద్యార్థి ఎవరైనా ఉన్నారా అని వెతికితే దొరకడు. కొట్లాటలు, హత్యలు జరుగుతున్నాయన్న కారణంతో 1980ల చివర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థి సంఘ ఎన్నికలు ఆగిపోయాయి. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఉస్మానియాలో జరగలేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మాత్రం జరుగుతూ వచ్చాయి. దేశం మొత్తం మీద ఈ ఎన్నికలు ఎలా జరపాలో చెప్పమని సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ 2006 మేలో నివేదిక ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 22న కోర్టు దాన్ని అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు మించరాదు. అచ్చువేసిన పోస్టర్లు వాడరాదు, చేత్తో రాసినవే వాడాలి. హాజరు 75 శాతం ఉండాలి, బ్యాక్‌లాగులు ఉండరాదు. మొత్తం తతంగం పది రోజుల్లో ముగియాలి. ఈ నియమాలు చదివితే మాకు ఒక ఆశ కలిగింది. చేత్తో రాసిన పోస్టరు, 5,000 రూపాయల ఖర్చు అంటే మన హాస్టల్ కుర్రాడు కూడా నిలబడగల ఎన్నిక. డబ్బున్న వాడి ఫ్లెక్సీకి అందులో చోటు లేదు.

ఎన్నికలు లేకపోవడం వల్ల జరిగిన నష్టం ఒకటుంది. దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. విద్యార్థి ఒకచోట రెండేళ్లో మూడేళ్లో ఉంటాడు. జూన్ వస్తే పాతవాళ్లు పెట్టె సర్దుకుంటారు, కొత్తవాళ్లు పెట్టె దించుకుంటారు. సంఘం ఉన్నచోట పాత కార్యవర్గం కొత్త కార్యవర్గానికి ఫైళ్లు అప్పజెప్పేది. ఏ అర్జీ ఎక్కడి వరకు వచ్చింది, ఏ అధికారి ఏం మాట ఇచ్చారు అనేవి చేతులు మారేవి. ఇప్పుడు ప్రతి జూన్‌లో కథ మళ్లీ మొదటికి వస్తుంది. "ఈ బ్యాచ్ ఇంకో ఆర్నెల్లలో వెళ్లిపోతుంది" అని ఆఫీసు బల్ల అవతలి వాళ్లకు బాగా తెలుసు. మనం వెళ్లిపోతామన్నదే వాళ్ల ధీమా.

అందుకే మన హాస్టల్ మెస్ కమిటీ గురించి కాస్త విస్తారంగా చెప్పాలి. చదివేవాళ్లలో కొందరికి ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు. కానీ రోజూ మూడుపూటలా జరిగే విషయం దీనికి మించి మరొకటి లేదు.

లెక్క ఇలా ఉంటుంది. తెలంగాణలో 2024 నవంబరులో డైట్ చార్జీలు 40 శాతం పెరిగాయి. 8 నుంచి 10వ తరగతి వాళ్లకు నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలు, ఇంటర్ నుంచి పీజీ దాకా 1,500 నుంచి 2,100 రూపాయలు అయ్యాయి. 2,100ను 30 రోజులతో భాగిస్తే రోజుకు 70 రూపాయలు. టిఫిను, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం గుగ్గిళ్లు, రాత్రి భోజనం అన్నీ ఈ 70లోనే. 2015 జనవరి నుంచి సన్నబియ్యం పౌర సరఫరాల నుంచి విడిగా వస్తున్నాయి గనక ఈ డబ్బు ముఖ్యంగా పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు, పాలు, అరటిపండ్లకు పోతుంది. వందమంది ఉన్న కాలేజీ హాస్టల్ అనుకుంటే నెలకు 2,10,000 రూపాయలు. ఇది మన పేరు మీద ఖర్చయ్యే డబ్బు. దీని లెక్క అడగడం ఎవరినీ అవమానించడం కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మెస్ బాగా లేదంటే తప్పంతా వార్డెన్ గారిదేనని మనవాళ్లు వెంటనే అనేస్తారు. బిల్లులు నెలల తరబడి రాని రోజుల్లో కిరాణా కొట్టులో అప్పు చెప్పి, తమ జీతంలోంచి కూరగాయలు తెచ్చిన వార్డెన్లు ఉన్నారు. ఒక కామాటి సెలవు పెడితే వందమంది గిన్నెలు ఒక్కరే తోమిన సందర్భాలు మేమే చూశాం. లెక్క తెలిసినవాడికి ఎవరి దగ్గర ఆగిందో తెలుస్తుంది. లెక్క తెలియనివాడు ఎదురుగా కనబడిన మనిషి మీద అరుస్తాడు.

డైట్ చార్జీలు హాజరును బట్టి వస్తాయి. పండక్కి ఇరవైమంది అయిదు రోజులు ఊరికి పోయారనుకోండి. ఇరవైని అయిదుతో, దాన్ని 70తో హెచ్చవేస్తే 7,000 రూపాయలు. ఆ అయిదు రోజుల హాజరు పట్టీ సరిగ్గా ఉందా, స్టాకు రిజిస్టరులో ఆ రోజుల పప్పు, నూనె తగ్గి కనబడుతున్నాయా అని చూడటం మెస్ కమిటీ పని. సామాను ఆటోలోంచి దిగినప్పుడు తూకం దగ్గర ఇద్దరు విద్యార్థులు నిలబడాలి. ఒకరు ముల్లు చూడాలి, ఒకరు రాయాలి. రోజూ ఒకే ఇద్దరు నిలబడితే ఎవరికైనా అనుమానం రావచ్చు, వాళ్లకూ విసుగొస్తుంది. అందుకని మా హాస్టల్లో గదుల వరుస ప్రకారం వారానికి ఇద్దరి చొప్పున మార్చుకుంటూ వచ్చాం. మొదట్లో చాలామంది "మాకు పరీక్షలున్నాయి" అని తప్పించుకునేవారు. వాళ్ల వంతు వచ్చి, మంచినూనె క్యాను బరువు, పప్పు బస్తా ధర తెలిశాక, మెస్సులో అన్నం పారేయడం వాళ్లే మానేశారు. ఇది ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పరు.

ఇదంతా రాయడానికి ఒక పొడవాటి లెడ్జరు పుస్తకం. ఎడమ పేజీలో రోజు, సామాను, తూకం. కుడి పేజీలో ఎవరికి ఏ అర్జీ ఇచ్చాం, ఎవరు తీసుకున్నారు, రశీదు నంబరు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు. కుడి పేజీయే అసలు ఆస్తి. ఒక బ్యాచ్ వెళ్లిపోయినా అర్జీ వెళ్లిపోదు.

ఆడపిల్లల హాస్టళ్లలో ఈ పుస్తకంలో ఇంకో రెండు గీతలు ఎక్కువ గీయాలని అక్కలు చెప్పారు. ఒకటి కాస్మెటిక్ చార్జీలు అందిన తేదీకి, రెండోది బాత్రూము తలుపులు, బోల్టుల మరమ్మతుకు. గేటు వేళల సంగతి వాళ్లే విడిగా వ్యాసం రాస్తామన్నారు. ఆ విషయం వాళ్లు రాయడమే సబబు.

హాస్టల్ గేటు దాటి బయటికి వద్దాం. ఉప్పల్ ఇప్పుడు నగరమే కానీ, 2007 ఏప్రిల్ వరకు అది ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ. ఆ ఏడాది చుట్టూ ఉన్న పన్నెండు మున్సిపాలిటీలను హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిపి గ్రేటర్ చేశారు. అందులో ఉప్పల్ కలాన్, కాప్రా, ఎల్బీనగర్, మల్కాజిగిరి ఉన్నాయి. సరిహద్దులు, వార్డుల పేర్లు ఆ తర్వాత కూడా మారుతూ వచ్చాయి. నాచారం పారిశ్రామికవాడ చుట్టూ ఏర్పడ్డ బస్తీ. మన సీనియర్లలో కొందరు రాత్రి షిఫ్టు అక్కడి కంపెనీల్లో చేసి పగలు క్లాసుకు వచ్చినవాళ్లే. వరంగల్, జనగామ, భువనగిరి వైపు నుంచి వచ్చే ప్రతి బస్సూ ఉప్పల్ దగ్గరే మనల్ని దించుతుంది. అక్కడి స్కైవాక్ 2023 జూన్‌లో తెరిచారు. దానికి ముందు ఆ చౌరస్తా దాటడం ఎంత కష్టమో పాతవాళ్లను అడగండి. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు మాత్రం ఏళ్లకేళ్లు ఆగుతూ సాగుతూ ఉండిపోయాయి. స్తంభాల కింద దుమ్ములోంచి కాలేజీకి నడిచిన బ్యాచ్‌లు ఎన్నో.

ఇంత పెద్ద విషయాల్లో హాస్టల్ విద్యార్థి ఏం చేయగలడు? మా సందు దీపాల కథ చెబుతాం. మెయిన్ రోడ్డు నుంచి మా హాస్టల్ దాకా వచ్చే సందులో దీపాలు వెలిగేవి కావు. లైబ్రరీ నుంచి, ట్యూషన్ చెప్పి ఆలస్యంగా వచ్చే వాళ్లు ఫోను వెలుతురులో నడిచేవారు. కుక్కలు, నాలా మీద పగిలిన బండ, వానొస్తే మరీ భయం. "మా వీధిలో దీపాలు లేవు, దయచేసి వేయించగలరు" అని ఎవరైనా అర్జీ రాయగలరు. అలాంటివి సంబంధిత కార్యాలయంలో దొంతరలుగా ఉంటాయి. మా సీనియర్ ఒకాయన వేరే దారి చూపాడు. ప్రతి కరెంటు స్తంభం మీద ఒక నంబరు రాసి ఉంటుంది. ఇద్దరిని వెంటబెట్టుకొని పగటిపూట నడిచి, ఆరు స్తంభాల నంబర్లు రాసుకున్నాడు. ఏ స్తంభానికి బల్బు లేదు, దేనికి వైరు తెగింది, దేనికి పగలు వెలిగి రాత్రి ఆరుతోంది అని పట్టిక వేశాడు. అర్జీ రెండు ప్రతులు రాసి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకున్నాడు. ఆ ముద్ర వేయించుకోవడానికే మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. నాలుగు స్తంభాలకు దీపాలు వచ్చేటప్పటికి ఆయన చదువు అయిపోయి ఊరెళ్లిపోయాడు. మిగిలిన రెండు తరువాతి బ్యాచ్ వాళ్లు వేయించారు. పుస్తకంలో కుడి పేజీ చూసి, పాత రశీదు నంబరు పట్టుకొని వెళ్లారు. బల్ల అవతలి ఆయన ఆశ్చర్యపోయి "ఆ పిలగాడు పోలేదా ఇంకా?" అన్నాడట.

అర్జీకి జవాబు రానప్పుడు మనకు సమాచార హక్కు చట్టం ఉంది. 2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చింది. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు, ధ్రువపత్రం జతచేస్తే చాలు. ఎందుకు అడుగుతున్నావని అధికారి కారణం అడగకూడదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. అయితే ఈ చట్టం కింద "ఎందుకు చేయలేదు?" అని నిలదీస్తే ఉపయోగం తక్కువ. రికార్డులో ఉన్నదాన్ని అడగాలి. "ఫలానా తేదీన, ఫలానా నంబరుతో ఇచ్చిన అర్జీపై ఇప్పటివరకు తీసుకున్న చర్యల నకళ్లు ఇవ్వగలరు" అని రాయాలి. స్కాలర్‌షిప్ ఆగినప్పుడు కూడా ఇదే పద్ధతి. మన పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ పథకం 1944 నాటిది, అంటే స్వాతంత్ర్యం కంటే పాతది. అది దయగా వచ్చే డబ్బు కాదు గనక ఏ బల్ల దగ్గర ఆగిందో అడిగి తెలుసుకోవచ్చు.

కాలేజీలోపలి విషయాలకు 2023లో యూజీసీ తెచ్చిన విద్యార్థి ఫిర్యాదుల నిబంధనలు ఉన్నాయి. ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో ఒక విద్యార్థి ప్రతినిధి ఉండాలి, ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. మీ కాలేజీలో ఆ విద్యార్థి ప్రతినిధి ఎవరో నోటీసుబోర్డులో చూడండి. చాలాచోట్ల మొదటి పని అదే అవుతుంది.

ఎన్‌ఎస్‌ఎస్ గురించి రెండు ముక్కలు. అది 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. ఉస్మానియా విద్యార్థులు తరగతులు వదిలి వీధుల్లో ఉన్న ఏడాది కూడా అదే. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం. సర్టిఫికెట్ కోసం చీపురు పట్టి ఫోటో దిగి వచ్చేవాళ్లను అందరం చూశాం. కానీ ఒక శిబిరంలో ఇంటింటి సర్వే చేసినవాడికి అపరిచితుల తలుపు తట్టి మర్యాదగా మాట్లాడటం వస్తుంది. ఆ ఒక్కటి వస్తే చాలు, మిగతావి నేర్చుకోవచ్చు.

ఇక ఓటు. నాచారం కూడా ఉప్పల్ శాసనసభ నియోజకవర్గంలోదే. 2009 ఎన్నికల నాటికి కొత్తగా ఏర్పడిన ఈ నియోజకవర్గం మల్కాజిగిరి లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. 2019లోనూ, 2024లోనూ దేశంలో అత్యధిక ఓటర్లున్న లోక్‌సభ స్థానం అదే, 30 లక్షలకు పైమాటే. అంతమంది ఓటర్లున్న ఈ నగరంలో కార్పొరేటర్లను ఎన్నుకునే రోజు వస్తే, 2016లో సుమారు 45 శాతం, 2020లో సుమారు 46 శాతం మందే పోలింగ్ కేంద్రానికి వెళ్లారు. సగం కంటే తక్కువ. మన సందులో దీపాల సంగతి తేలేది ఈ ఎన్నికలోనే అయినా ఊళ్లో సర్పంచి ఎన్నికకు బస్సు చార్జీ పెట్టుకొని పోయే మనం, ఇక్కడి ఎన్నికల నాడు హాస్టల్లో క్యారమ్స్ ఆడుకుంటాం. మాకు ఓటు ఊళ్లో ఉంది కదా అంటాం. నిజమే, కానీ మనం ఎంచుకోవచ్చన్నది చాలామందికి తెలియదు.

దేశంలో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది 61వ రాజ్యాంగ సవరణతో, 1989లో. హాస్టల్లో ఉంటూ చదివే విద్యార్థి తన ఊరి చిరునామా మీద గానీ, హాస్టల్ చిరునామా మీద గానీ నమోదు కావచ్చు. రెండుచోట్లా ఉండకూడదు, అది నేరం. మొదటిసారి నమోదుకు ఫారం 6, ఉన్న ఓటు ఇక్కడికి మార్చుకోవడానికి ఫారం 8. హాస్టల్ చిరునామా ఇచ్చేవాళ్లు తాము ఫలానా కోర్సు చదువుతూ ఇక్కడే ఉంటున్నట్టు ప్రిన్సిపాల్ గారి ధ్రువీకరణ జతచేయాలి. 2022 ఆగస్టు నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు వచ్చాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. పదిహేడు నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక హాస్టల్లో ఎనభైమంది ఒకే పోలింగ్ కేంద్రంలో ఓటర్లయితే ఏమవుతుందో ఏ కార్పొరేటర్ అభ్యర్థినైనా అడగండి. ఓటు అడగడానికి హాస్టల్ గేటు దగ్గరికి రాని అభ్యర్థి ఉండడు. అప్పుడు లెడ్జరులో కుడి పేజీ తెరిచి చూపించవచ్చు.

ఊరి ఓటు వదులుకోవాలని మేము అనడం లేదు. అక్కడ భూమి తగాదాలో, గ్రామపంచాయతీలో మనవాళ్లకు ఆ ఒక్క ఓటు బలం కావచ్చు. ఆ లెక్క ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చొని వేసుకోవాల్సిందే. ఇంటర్ తమ్ముళ్లకు ఊరి ఓటు, ఇక్కడ నాలుగైదేళ్లు ఉండే పీజీ, బీఈడీ, పరిశోధక విద్యార్థులకు హాస్టల్ ఓటు అనుకూలమని మా సలహా.

డాక్టర్ అంబేద్కర్ బహిష్కృత హితకారిణి సభ పెట్టింది 1924లో. ఆ సభ తొలినాళ్లలో చేపట్టిన పనుల్లో ఒకటి, 1925లో షోలాపూర్‌లో విద్యార్థులకు హాస్టల్ తెరవడం. అంత పెద్ద పోరాటానికి దిగినవాళ్లు మొదట పిల్లలకు పడుకోవడానికి చోటు, తినడానికి అన్నం, చదువుకోవడానికి దీపం చూశారు. 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయమే ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖను నడిపిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ పేరు ఇప్పటికీ పాత హాస్టళ్ల పెద్దలు తలచుకుంటారు. మనం పడుకునే మంచం వెనుక ఇంతమంది పని ఉంది.

లెడ్జరు పుస్తకాలు ఇప్పటికి మూడు నిండాయి. నాలుగోది స్టడీ హాలు అల్మారాలో రెండో అరలో ఉంది. తాళం ఈ ఏడాది మెస్ కమిటీ కార్యదర్శి దగ్గర. కుడి పేజీలో నాలా మీద పగిలిన బండ అర్జీ ఇంకా తెగలేదు, రెండో అప్పీలుకు 90 రోజుల గడువు వచ్చే నెల పదో తారీకుతో ముగుస్తుంది. కొత్తగా చేరిన తమ్ముళ్లలో చేతిరాత బాగున్నవాళ్లు ఇద్దరు కావాలి.